మోనే ‘సాంత్-అద్రెస్ తోట’లో ఎండ ఎక్కడుంది?

నీలిమసక (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక్క బొమ్మ దగ్గరే ఇరుక్కుపోయాను. ఎవరైనా దారి చూపిస్తారని రాస్తున్నాను.

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే 1867 వేసవిలో వేసిన ‘సాంత్-అద్రెస్ తోట’ ప్రింటు ముందు పెట్టుకుని ఆయిల్ రంగుల్లో నకలు వేస్తున్నాను. చూడనివాళ్ల కోసం చెబుతాను. సముద్రం ఒడ్డున ఒక టెర్రస్. ఎక్కడో మేడ కిటికీలోంచి కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. ముందు పూలమడులు, ఎర్రెర్రగా. కుర్చీల్లో ఒక పెద్దాయన, ఒకావిడ. కంచె దగ్గర గొడుగు పట్టుకున్న అమ్మాయి, ఆమెతో మాట్లాడుతున్న టోపీ మనిషి. అటొకటి ఇటొకటి జెండా కర్రలు, గాలికి విప్పుకున్న జెండాలు. వాటి వెనక సముద్రం నిండా తెరచాపలు, దూరంగా పొగ వదులుతున్న ఓడలు.

సముద్రం బాగానే కుదిరింది. పూలు కూడా పర్వాలేదు. కానీ ఎండ రావట్లేదు. అసలు బొమ్మ చూస్తే కళ్లు చికిలించుకోవాలనిపిస్తుంది, నాది చూస్తే మబ్బు పట్టిన మధ్యాహ్నంలా ఉంది. పసుపు పెంచాను. తెలుపు పెంచాను. పెంచేకొద్దీ సుద్దపొడి చల్లినట్టు అవుతోంది తప్ప వెలుగు రావట్లేదు. నీడలు మాత్రం జాగ్రత్తగానే వేశాను, నేల రంగులో కొంచెం ఐవరీ బ్లాక్ కలిపి.

ఎక్కడ తప్పుతున్నాను?

పాతకుంచె

నీలిమసక గారూ, రోగం మీరే చెప్పేశారు, చివరి మాటల్లో. ఐవరీ బ్లాక్.

నేల రంగులో నలుపు కలిపితే వచ్చేది నీడ కాదండీ, మురికి నేల. దాని పక్కన ఎంత పసుపు పోసినా ఎండలా కనబడదు. ఎండను ఎండ ఉన్నచోట వెతుకుతున్నారు. అది నీడల్లో ఉంటుంది.

పిల్లలకు బొమ్మలు నేర్పేటప్పుడు నేను చేయించే పని ఒకటుంది, మీరూ చేయండి. ఒక తెల్ల అట్టముక్క తీసుకుని బఠాణీ గింజంత రంధ్రాలు రెండు పొడవండి, రెండు అంగుళాల ఎడంలో. ఎండ బాగా ఉన్నప్పుడు బయట నిలబడి, ఒక రంధ్రంలో ఎండ పడిన నేల, రెండోదాంట్లో అదే నేల మీది నీడ కనబడేలా పట్టుకోండి. ఒక కన్ను మూసి చూడండి. చుట్టూ ఉన్నవి కనబడవు కాబట్టి ‘ఇది నేల, ఇది నీడ’ అని మనసు చెప్పే పేర్లు కాసేపు ఆగుతాయి. మిగిలేవి రెండు రంగుల చుక్కలు. రెండో చుక్క ఏ రంగులో ఉందో ఇక్కడికొచ్చి రాయండి. నేను ముందే చెప్పను.

తెరచాప

పాతకుంచె గారు చెప్పనన్నారు కాబట్టి రంగు పేరు నేనూ ఎత్తను. కారణం మాత్రం చెబుతాను, నాకు ఫిజిక్స్ అంటే ఇష్టం.

ఆరుబయట నేల మీద పడేది ఒక్క దీపం వెలుగు కాదు, రెండు దీపాలది. ఒకటి సూర్యుడు, రెండోది ఆకాశం. సూర్యుడు చిన్న దీపం, చాలా ప్రకాశవంతం, వెచ్చని రంగు. ఆకాశం నెత్తి మీద గొడుగులా పరుచుకున్న పెద్ద దీపం, మసక, నీలం. గాలిలోని అణువులు పొట్టి తరంగదైర్ఘ్యం ఉన్న నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, అందుకే ఆకాశానికి ఆ రంగు. మనిషి అడ్డం నిలబడితే సూర్యుడు ఒక్కడే ఆగుతాడు. ఆకాశం ఆగదు. నీడ పడిన చోట నేలకు అందేది రెండో దీపం వెలుగే.

కాబట్టి నీడంటే వెలుగు లేని చోటు కాదు, వేరే రంగు వెలుగు పడే చోటు.

ఇంకో సంగతి. ఎండలో తెల్ల గుడ్డ నుంచి కంటికి వచ్చే వెలుగుకూ, గదిలో గోడకు తగిలించిన కాన్వాస్ మీది తెల్ల రంగు ఇచ్చే వెలుగుకూ పొంతనే లేదు. ట్యూబులో ఉన్న తెలుపును మించిన తెలుపు ఏ చిత్రకారుడి దగ్గరా ఉండదు. వెలుగును వెలుగుతో కొట్టలేరు. అందుకని మోనే తరం వాళ్లు వెచ్చదనానికీ చల్లదనానికీ మధ్య తేడాను పెంచి ఆ లోటు పూడ్చారు. మీరు తెలుపు పోసేకొద్దీ రంగు చచ్చిపోయి ఆ తేడా తగ్గిపోతోంది. సుద్దపొడిలా కనబడేది అందుకే.

గవ్వలసంచి

తెరచాప గారి మాటకు ఒక చిన్న కొనసాగింపు. షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌లోని గోబెలాఁ తివాచీల కార్ఖానాలో రంగుల అద్దకం విభాగం చూసేవాడు. అక్కడ నల్ల దారం సరిగా నల్లగా కనబడటం లేదని ఫిర్యాదులొచ్చాయి. ఆయన పరీక్షిస్తే దారానికి పట్టిన అద్దకంలో లోపమేమీ లేదు. ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా దారాలే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. తర్వాతి తరాల చిత్రకారులకు ఆ ఆలోచన బాగా పట్టింది. మోనే ఈ బొమ్మలో ఎర్ర పూలను ముదురు ఆకుపచ్చ మీద చుక్కలుగా పెట్టాడు చూడండి. అదే ఎరుపు బూడిదరంగు మీద పెడితే అంత మండదు.

కానీ ఈ బొమ్మను ‘ఇంప్రెషనిస్టు’ (మారిపోయే వెలుగును విడివిడి కుంచె దెబ్బలతో పట్టే పద్ధతి) అనడానికి నా మనసు ఒప్పుకోదు. ఆ పేరే 1874 నాటిది. మోనే ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ చూసి లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఎగతాళిగా అన్న మాట అది. ఇది అంతకు ఏడేళ్ల ముందు వేసింది. పైగా ఆకాశం, కుర్చీలు, ఆ పెద్దాయన కోటు చూడండి, పాతకాలం పద్ధతిలో నున్నగా, అంచులు తేరి ఉంటాయి. జెండా కర్రలైతే స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

బెంచీమనిషి

గవ్వలసంచి గారూ, సగం ఒప్పుకుంటాను. ఆ కోటు నున్ననే. కానీ చూపు కొంచెం పక్కకు జరిపి పూల దగ్గరికి రండి. అక్కడ పువ్వు ‘గీసింది’ ఒక్కటీ లేదు. కుంచె మొనతో ఎరుపు అద్ది వదిలేశాడు, పువ్వైపోయింది. సముద్రం మీద చిన్న చిన్న అడ్డగీతలు, పచ్చదనం కలిసిన నీలంలో, ఒకదానికొకటి అంటీ అంటకుండా. ఒకే కాన్వాస్ మీద పాత చెయ్యి, కొత్త చెయ్యి రెండూ పనిచేశాయి. నాకు ఈ బొమ్మ అందుకే ఇష్టం. ఇరవయ్యారేళ్ల కుర్రాడు ఒక పద్ధతి వదిలి ఇంకోదానికి వెళ్తూ వెళ్తూ మధ్యలో దొరికిపోయాడు.

పేరు మాటకొస్తే, 1879లో ఇంప్రెషనిస్టుల నాలుగో ప్రదర్శనలో ఈ బొమ్మను పెట్టారు. పన్నెండేళ్ల పాత బొమ్మను తన కొత్త పనుల సరసన నిలబెట్టడానికి మోనేకు అభ్యంతరం లేకపోయింది. నాకది చాలు.

గవ్వలసంచి

1879 సంగతి మంచి పాయింటు. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. జెండా కర్రల మీద మాత్రం కాదు!

ఉప్పుగాలి

జెండా కర్రల గురించి నేను చెప్పాలి, అవి ఊరికే స్కేలు గీతలు కావు. మోనే తన ఉత్తరాల్లో ఈ బొమ్మను ‘జెండాలున్న ఆ చైనా బొమ్మ’ అని పిలిచాడు. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో చైనా, జపాన్ అని పెద్ద తేడా లేకుండా అనేవాళ్లు. ఆయన ఉద్దేశం జపాన్ చెక్క అచ్చు బొమ్మలు. ఫూజీ కొండ గురించి జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ చేసిన వరసలో ఒక బొమ్మ ఉంది. గుడి వసారా మీద కొందరు నిలబడి దూరంగా నీళ్ల అవతల కొండను చూస్తుంటారు. ఈ టెర్రస్‌ను దానితో పోలుస్తారు.

ప్రింటును తలకిందులుగా పెట్టి చూడండి. లోతు మాయమైపోతుంది. ఒకదాని మీద ఒకటి మూడు పట్టీలు మిగులుతాయి: నేల, నీళ్లు, ఆకాశం. సముద్రం దూరంగా పోవట్లేదు, తెరలా నిటారుగా నిలబడి ఉంది. ఆ మూడు పట్టీలనూ కలిపి కుట్టినవి ఈ రెండు కర్రలే. అవి తీసేస్తే బొమ్మ మూడు ముక్కలవుతుంది.

నీలిమసక

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. థాంక్స్ అండీ.

మాస్టారూ, అట్టముక్కతో చూశాను. మొదటి రంధ్రంలో లేత గోధుమరంగు, కొంచెం గులాబీ కూడా ఉంది. రెండోదాంట్లో బూడిదరంగు అనుకున్నాను. ఒక నిమిషం అలాగే పట్టుకున్నాక అది బూడిద కాదని తెలిసింది. నీలం. నీలంలో కొంచెం ఊదా. ఇన్నేళ్లుగా రోజూ తొక్కుతూ తిరిగిన నీడ నీలంగా ఉందని నాకు తెలియదు. అట్ట తీసేస్తే మళ్లీ మామూలు నీడే. మళ్లీ పెడితే నీలం. పది పన్నెండుసార్లు తీసి పెట్టి ఉంటాను.

పాతకుంచె

చాలా సంతోషం అమ్మా. ఇక పాలెట్ నైఫ్ తీసుకుని నేల మీది నీడలన్నీ గీకేయండి. జాలి పడొద్దు. అల్ట్రామెరైన్ నీలంలో కాస్త రోజ్ మాడర్ ఎరుపు కలిపి, అందులో మీ నేల రంగే కొంచెం వేయండి. నేల రంగు కలవకపోతే నీడ నేలకు అంటుకోదు, గాల్లో తేలుతుంది. అంచులు మెత్తబరచకండి. ఈ బొమ్మలో నీడల అంచులు కోసినట్టుంటాయి, ఎండ గట్టిగా ఉందని చెప్పేది అదే.

ఒక్క మాట, మీరు మళ్లీ నల్ల ట్యూబు పారేస్తారేమోనని చెబుతున్నాను. నలుపు మీద ఎవరికీ పగ లేదు. నల్ల కోటుకు నలుపు వాడొచ్చు. నీడకు వాడొద్దన్నాను, అంతే.

బెంచీమనిషి

మాస్టారి ఆఖరి మాటకు సరైన సాక్ష్యం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ‘ట్రూవిల్ తీరం’, మోనేదే, 1870 వేసవిలో వేసింది. నేను ఎదురుగా నిలబడి చూసిన బొమ్మ, అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆశ్చర్యపరిచేది దాని సైజు. సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు. ఒళ్లో పెట్టుకునేంత. ఇద్దరు ఆడవాళ్లు ఇసుకలో కుర్చీల్లో కూర్చున్నారు, చేతుల్లో గొడుగులు. ఎడమవైపు ఉన్నది ఆయన భార్య కమీల్, తెల్ల బట్టల్లో. కుడివైపు నల్ల బట్టల్లో ఉన్నావిడ చిత్రకారుడు బూదాఁ భార్య అయి ఉండొచ్చంటారు. మోనే కుర్రతనంలో సాంత్-అద్రెస్ పక్కనే ఉన్న రేవు పట్నం ల హావ్ర్‌లో కార్టూన్లు వేసుకుంటుంటే, ఆరుబయట కూర్చుని రంగులు వేయడం నేర్పినవాడు ఆ బూదాఁయే. ఇద్దరి మధ్యా ఒక ఖాళీ కుర్చీ.

నల్ల బట్టలు నిజంగానే నల్లవి. కమీల్ తెల్ల బట్టల మీది నీడ మాత్రం నీలిబూడిద, నాలుగైదు దెబ్బల్లో వేసేశాడు. ముఖంలో కళ్లూ ముక్కూ వెతికినా దొరకవు, గొడుగు నీడ ఒక మరకలా పడిందంతే. అయినా ఆమె ఎండకు కొంచెం అలిసిందని తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఆ రంగులో ఇసుక రేణువులున్నాయి. నిజం ఇసుక, తీరం ఇసుక. మ్యూజియం వాళ్లు పరీక్షించి చూపించారు. గాలికి ఎగిరొచ్చి తడి రంగులో పడి అలాగే ఎండిపోయాయి. అంటే ఈజిల్ అక్కడే, ఆ ఇసుకలోనే ఉంది. దగ్గరికి వంగి చూస్తే పొక్కుల్లా, గరుగ్గా కనబడతాయి. గైడు చెప్పకపోతే రంగు గడ్డకట్టిందనుకునేవాణ్ణి. ఆ రోజు నేను ఆ గదిలోంచి కదల్లేకపోయాను. నూట యాభై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నపు గాలి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది.

తెరచాప

ఇసుక సంగతి అద్భుతం. తడి రంగు అంత ధైర్యంగా బయటికి తీసుకెళ్లగలిగారంటే ట్యూబుల పుణ్యమే. జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు 1841లో తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి, మేకుతో పొడిచి పిండుకునేవారు. మళ్లీ సరిగా మూత పడేది కాదు.

పారిస్ నుంచి ల హావ్ర్‌కు రైలు 1847లో వచ్చింది. ఎండలో గొడుగులేసుకుని కూర్చునే మనుషులు ఆ తీరానికి చేరింది అలాగే.

ఉప్పుగాలి

బెంచీమనిషి గారు కమీల్ పేరెత్తారు. మళ్లీ టెర్రస్ బొమ్మ దగ్గరికి వెళ్తాను, ఎందుకంటే ఆ బొమ్మలో లేని మనిషి కమీల్.

1867 వేసవిలో ఆమె పారిస్‌లో ఉంది, నిండు గర్భిణి. ఇంకా పెళ్లి కాలేదు. ఆమెను వదిలేయమని మోనే మీద ఇంట్లో ఒత్తిడి. చేతిలో డబ్బు లేదు. ఆ ఏడాది సలోన్‌కు (పారిస్‌లో జరిగే అధికారిక చిత్రప్రదర్శన) పంపిన పెద్ద బొమ్మ, ‘తోటలో స్త్రీలు’, తిరస్కరించారు. స్నేహితుడు బజీల్ దాన్ని 2,500 ఫ్రాంకులకు కొన్నాడు, నెలకు 50 ఫ్రాంకుల చొప్పున ఇచ్చేలా. లెక్కేస్తే నాలుగేళ్ల పైన పట్టే అప్పు. అలాంటి పరిస్థితిలో మోనే సాంత్-అద్రెస్‌లో బంధువుల దగ్గరికి వచ్చి ఉన్నాడు. ఆగస్టు 8న పారిస్‌లో కొడుకు పుట్టాడు, జాఁ అని పేరు పెట్టారు.

కుర్చీలో కూర్చున్న ఆ పెద్దాయన మోనే తండ్రి అంటారు. కంచె దగ్గర అమ్మాయి వాళ్ల చుట్టాలమ్మాయి. చక్కటి తోట, పూలు, మంచి బట్టలు, తీరికగా సాయంకాలపు కబుర్లు. వేస్తున్నవాడు మాత్రం ఆ కబుర్లలో లేడు, ఎక్కడో ఎత్తు మీద నిలబడి వాళ్ల వీపులు చూస్తున్నాడు. ఇది తెలిశాక నాకు ఆ ఎండలో ఒక బాధ కనబడుతుంది. ముందులాగా చూడలేను.

గవ్వలసంచి

ఆ వేసవిలోనే మోనే బజీల్‌కు రాసిన ఉత్తరాలు గుర్తొచ్చాయి. జూన్ చివర్లో ఇరవై దాకా కాన్వాసులు నడుస్తున్నాయని ఉత్సాహంగా రాశాడు. జులై మొదట్లో చూపు పోతోందని భయంతో రాశాడు. అరగంట పనిచేస్తే కళ్లు మసకబారుతున్నాయట, ఆరుబయట బొమ్మలేయడం మానమని డాక్టరు చెప్పాడట. మానితే ఏమైపోవాలి అని ఆయన టెన్షన్. నీలిమసక గారు కళ్లు చికిలించుకోవాలనిపిస్తుందన్నారు కదా, వేసినవాడి కళ్లు కూడా అలా ఉన్నప్పుడు వేసిన ఎండ అది.

బజీల్ సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. మోనే, కమీల్ 1870 జూన్ 28న పెళ్లి చేసుకున్నారు. జులైలో ఫ్రాన్స్‌కు జర్మన్ రాజ్యం ప్రష్యాతో యుద్ధం మొదలైంది. ట్రూవిల్ బొమ్మలు ఆ రోజులవే. మోనే లండన్‌కు వెళ్లిపోయాడు. బజీల్ సైన్యంలో చేరి ఆ నవంబర్‌లో చనిపోయాడు, 28 ఏళ్లకే.

బెంచీమనిషి

ఉప్పుగాలి గారూ, మీరు చెప్పింది చదివి ప్రింటు మళ్లీ చూశాను. బాధ ఉందేమో తెలియదు కానీ ఒకటి గమనించాను. కుర్చీలో ఇద్దరికీ, కంచె దగ్గర ఇద్దరికీ మధ్య చాలా ఖాళీ నేల ఉంది, పూలమడితో సహా. ఒకరి చూపు ఒకరికి కలవదు. పెద్దాయన సముద్రం వైపు తిరిగి ఉన్నాడు. బొమ్మలో కదలికంతా జెండాలదీ పడవలదే.

ఈ బొమ్మ 1967లో వేలంలో 14 లక్షల డాలర్లకు పైగా పలికి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు చేరింది, అప్పట్లో మోనే బొమ్మకు అది రికార్డు ధర. వేసి అప్పటికి సరిగ్గా నూరేళ్లు. నెలకు 50 ఫ్రాంకుల సంగతి తెలిశాక ఆ అంకె చదవడం కష్టంగా ఉంది.

నీలిమసక

పది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. అందరి మాటలూ చదువుతూనే పనిచేశాను.

నీడలన్నీ గీకేశాను. చెయ్యి వణికింది, నెల రోజుల పని కదా. మాస్టారు చెప్పిన రంగు కలిపి ముందు పెద్దాయన కుర్చీ నీడ ఒక్కటే వేశాను. నేల మీద నేను ఏమీ ముట్టుకోలేదు, అదే పాత గోధుమరంగు. కానీ ఆ ఒక్క నీడ పక్కన అది ఒక్కసారిగా వెచ్చబడింది. లేచి గది అవతలి గోడ దాకా వెళ్లి చూశాను. ఆ మూల మాత్రం ఎండ కాస్తోంది, మిగతా బొమ్మంతా ఇంకా మబ్బులోనే ఉంది.

ఉప్పుగాలి గారు చెప్పినట్టు ప్రింటునూ నా కాన్వాసునూ తలకిందులుగా పక్కపక్కన పెట్టాను. అప్పుడు ఇంకో తప్పు బయటపడింది. నా సముద్రం మరీ లేతగా ఉంది. బాగా కుదిరిందని మొదట్లో రాశానే, అదే. నేల పట్టీ, నీళ్ల పట్టీ దాదాపు ఒకే వెలుగులో ఉన్నాయి, ఇక నేల ఎలా మెరుస్తుంది? సముద్రాన్ని ఒక మెట్టు ముదురు చేశాను. కోబాల్ట్ బ్లూ, కొంచెం విరిడియన్ ఆకుపచ్చ, అడ్డగీతలుగా.

ఇప్పుడు కళ్లు చికిలించాలనిపించేంత కాదు కానీ, చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలనిపిస్తోంది.

ఒక్కటి కుదరట్లేదు. కూర్చున్నావిడ తెల్ల గొడుగు. దాని నీడ వైపు అంతా నీలం వేస్తే గొడుగు రేకుతో చేసినట్టు గట్టిగా ఉంది. గుడ్డలా లేదు.

పాతకుంచె

సముద్రం తప్పు మీరే పట్టుకున్నారు, అది నేను చెప్పని పాఠం. చాలా ఆనందంగా ఉంది.

గొడుగు సంగతి: తెరచాప గారు రెండు దీపాలన్నారు. మూడోది ఉందమ్మా. ఎండ పడిన నేల కూడా వెలుగుతుంది, ఆ వెలుగు పైకి లేస్తుంది. ఎండ బాగా ఉన్న వేళ ఒక తెల్ల గుడ్డ తాడు మీద వేసి, నీడ వైపు నిలబడి మడతలు చూడండి. ఆకాశం వైపు తిరిగిన మడత ఒక రంగు, నేల వైపు తిరిగిన మడత ఇంకో రంగు. అట్టముక్క మర్చిపోవద్దు.

నీలిమసక

ఇప్పుడే చూసి వస్తున్నాను మాస్టారూ. పై మడతలు నీలం. కింది మడతల్లో లేత నారింజ, చాలా కొంచెం, అట్ట లేకపోతే కనబడేది కాదు. ఎండ గుడ్డలోంచి దిగుతున్న చోట తేనెరంగు ఒకటి ఉంది, అది మొదటి దీపానిదే, గుడ్డలోంచి వడగట్టుకుని వస్తోంది.

గొడుగు అడుగున నారింజ రెండు దెబ్బలు పెట్టాను, తేనెరంగు ఒకటి. గుడ్డ అయింది. ఇక జెండాలు మిగిలాయి.